తుఫాను వెలిశాక ఇల్లు కడిగే ముందు ఇది చదవండి

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మేం వైజాగ్‌లోనే ఉన్నాం, పైన వేసిన రేకుల షెడ్డు లేచిపోయింది, హాల్లో కిటికీ అద్దాలు ఒక్కటి మిగల్లేదు, వాన మొత్తం ఇంట్లోకే. గాలి తగ్గగానే అందరం చీపుళ్లు పట్టుకుని సాయంత్రానికల్లా ఇల్లంతా శుభ్రం చేసేశాం, అద్దం పెంకులు, తడిసిన పరుపులు అన్నీ రోడ్డు మీద పడేశాం. తర్వాత నష్టం లెక్క కట్టడానికి ఇన్సూరెన్స్ కంపెనీ పంపిన సర్వేయర్ వచ్చి "ఏం పాడైందండీ, చూపించండి" అంటే చూపించడానికి ఏమీ లేదు. ఒక్క ఫోటో కూడా తియ్యలేదు మరి. పరుపులకి, షెడ్డుకి పైసా రాలేదు. అందుకే ఎవరు అడిగినా ముందు ఇదే చెప్తాను: చీపురు ముట్టుకునే ముందు ఫోన్ తియ్యండి.

అంతకన్నా ముందు కరెంటు. ఇంట్లో నీళ్లు నిలిచి ఉంటే మెయిన్ దగ్గరికి నీళ్లలో నడుచుకుంటూ వెళ్లొద్దు, కరెంటు వాళ్ల నంబరు 1912కి ఫోన్ చేసి బయట నుంచే సప్లై ఆపించండి. పొడిగా చేరుకోగలిగితే మెయిన్ ఆఫ్ చెయ్యండి, ఇన్వర్టర్ కూడా, దాన్ని చాలామంది మర్చిపోతారు, కానీ వీధిలో కరెంటు లేకపోయినా ఇంట్లో వైర్లకి కరెంటు ఇచ్చేది అదే. గ్యాస్ వాసన వస్తే స్విచ్చులు ముట్టుకోకుండా బయటికొచ్చి గ్యాస్ లీకుల హెల్ప్‌లైన్ 1906కి చెయ్యండి. బూట్లు వేసుకోండి, బురదలో గాజు పెంకులూ ఉంటాయి, పాములూ ఉంటాయి, బీరువా కింద, పరుపుల మడతల్లో చెయ్యి పెట్టేముందు కర్రతో కదిపి చూడండి.

ఇప్పుడు వీడియో. గేటు దగ్గర మొదలుపెట్టి ఆపకుండా ప్రతి గది తిరిగి తియ్యండి, ఏం పాడైందో నోటితో చెప్తూ తియ్యండి. తర్వాత ఒక్కో వస్తువుకి ఫోటో, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, టీవీ లాంటివాటికి వెనకాల స్టిక్కర్ మీద మోడల్ నంబరు, సీరియల్ నంబరు కనపడేలా ఇంకోటి.

వరద నీళ్లయితే గోడ మీద బురద గీత చాలా ముఖ్యం. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు విజయవాడని ముంచినప్పుడు సింగ్ నగర్‌లో మా పిన్ని వాళ్ల ఇంట్లో నీళ్లు రోజుల తరబడి తియ్యలేదు. తీశాక వెళ్లి చూస్తే గోడకున్న క్యాలెండర్ సగం దాకా మట్టి రంగు, పైసగం తెల్లగా అలాగే ఉంది. అప్పటికే ఫైర్ ఇంజన్లు తెచ్చి వీధులూ ఇళ్లూ కడుగుతున్నారు, అది పెద్ద సాయమే, కానీ ఆ పైపు ఒక్కసారి కొడితే గీత పోతుంది. "పిన్నీ, రెండు నిమిషాలు ఆగు" అని టైలరింగ్ టేపు గోడకి ఆనించి, నేల నుంచి గీత దాకా ఎన్ని అంగుళాలో కనపడేలా ప్రతి గదిలో ఫోటో తీశాం. సర్వేయర్ వచ్చేసరికి గోడలు కడిగేసి ఉన్నాయి, అయినా ఆ ఫోటోలు చూసి ఎత్తు రాసుకున్నాడు, ఫ్రిజ్ మోటారు మునిగిందా లేదా అన్న వాదనే రాలేదు.

ఫోటోలు అవ్వగానే, ఆ రోజే, ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేసి క్లెయిమ్ నంబరు తీసుకోండి, అదే విషయం మెయిల్ కూడా పెట్టండి. పాలసీ లేదనుకునే వాళ్లు హోమ్ లోన్ ఉంటే బ్యాంకులో అడగండి, లోన్‌తో పాటే ఇంటికి పాలసీ తీసుకుని ఉండొచ్చు, మనకి గుర్తుండదు అంతే. 2021 ఏప్రిల్‌లో మొదలైన భారత్ గృహ రక్ష అనే ఇంటి పాలసీలో తుఫాను, వరద రెండూ కవర్ అవుతాయి. బిల్డింగుకి తీసుకుంటే ఇంట్లో సామాన్లకి కూడా బిల్డింగ్ విలువలో 20 శాతం, గరిష్టంగా 10 లక్షల దాకా దానంతటదే వస్తుంది. శిథిలాలు ఎత్తించిన ఖర్చుకి కూడా క్లెయిమ్ మొత్తంలో 2 శాతం దాకా ఇస్తారు కాబట్టి ట్రాక్టర్ వాడి దగ్గర చీటీ రాయించుకోండి. బంగారానికి మాత్రం విడిగా కవర్ తీసుకుని ఉండాలి.

సర్వేయర్ వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోమని కాదు. ఎగిరిపోయిన రేకుల చోట టార్పాలిన్ కట్టండి, నీళ్లు తోడించండి, నష్టం పెరగకుండా చూసుకోవడం కూడా మన బాధ్యతే, ఆ బిల్లులు దాచండి. కానీ పాడైన వస్తువుల్ని పాత ఇనుపోడికి ఇచ్చెయ్యొద్దు, మేడ మీదో వరండాలోనో ఒక పక్కన పెట్టండి. కుళ్లిన పరుపు ఉంచుకోలేకపోతే ఫోటో తీసి ఒక ముక్క కోసి పెట్టుకుని పడెయ్యండి. మునిగిన ఫ్రిజ్, మిక్సీ, మోటారు "పనిచేస్తుందేమో చూద్దాం" అని ప్లగ్ పెట్టొద్దు, బండి కూడా స్టార్ట్ చెయ్యొద్దు, ఇంజన్‌లోకి నీళ్లు వెళ్లాక సెల్ఫ్ కొడితే ఇంకా పాడవుతుంది, ఆ నష్టం మామూలు పాలసీలో ఇవ్వమంటారు.

క్లీనింగ్‌లో బురద తడిగా ఉన్నప్పుడే లాగేయండి, ఎండితే పలుగు పెట్టాలి. తర్వాత బ్లీచింగ్ నీళ్లు, కానీ దాంట్లో బాత్రూం యాసిడ్ కలపొద్దు, విషవాయువు వస్తుంది. కిటికీలు తీసి గోడలు పూర్తిగా ఆరనివ్వాలి, తడి గోడకి పెయింట్ వేస్తే పొట్టు లేచిపోతుంది. తడిసిన దస్తావేజులు ఎండలో పెట్టకుండా పేజీల మధ్య పొడి కాగితాలు పెట్టి ఫ్యాన్ కింద ఆరబెట్టండి, మరీ పాడైతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ ఇస్తారు.

మేస్త్రీ దగ్గర ఎస్టిమేట్ తీసుకునేటప్పుడు "మొత్తం రిపేరు లక్షన్నర" అని ఒకే లైను రాయించుకోకండి, ఎన్ని అడుగుల గోడ, ఎన్ని రేకులు, కూలి ఎంత, విడివిడిగా ఉండాలి. సర్వేయర్ తిరిగేటప్పుడు ఇంట్లో ఒకరు పక్కనే ఉండి ఆయన రాసుకునేవి మీరూ రాసుకోండి. ప్రభుత్వం వాళ్లు ఇంటింటికీ వచ్చి నష్టం రాసుకెళ్లే ఎన్యూమరేషన్ వేరు, ఇన్సూరెన్స్ వేరు, ఒకదాంట్లో పేరు ఎక్కింది కదా అని రెండోది వదిలెయ్యొద్దు.

డబ్బు తక్కువ ఇస్తామంటే దేనికి ఎంత కోశారో రాతపూర్వకంగా అడగండి, సర్వేయర్ రిపోర్టు కాపీ కూడా అడగండి, అవి చూడకుండా "పూర్తిగా ముట్టింది" అన్న కాగితం మీద సంతకం పెట్టొద్దు. ముందు కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ సెల్‌కి రాయండి. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చినది నచ్చకపోయినా హైదరాబాద్‌లో ఇలాంటి ఫిర్యాదులు తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఆఫీసు ఉంది, ఆంధ్రా, తెలంగాణ రెండూ దాని కిందకే వస్తాయి, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. ఇన్సూరెన్స్ కంపెనీల మీద నియంత్రణ ఉండే ఐఆర్‌డీఏఐ వాళ్ల 155255కి కూడా ఫిర్యాదు చెయ్యొచ్చు. పిన్ని వాళ్లకి మొదట గ్రైండర్, కుట్టు మిషను తీసేసి లెక్క కట్టారు, టేపు ఫోటోలు మళ్లీ మెయిల్ పెట్టాక ఆ రెండూ కలిపి ఇచ్చారు.