హాఫ్ మారథాన్‌కి వారంలో ఎన్ని కిలోమీటర్లు: నా నోటుపుస్తకం లెక్క

నా మొదటి హాఫ్ మారథాన్‌కి, అంటే 21.0975 కిలోమీటర్ల పరుగుకి, 2 గంటల 14 నిమిషాలు పట్టింది. అందులో చివరి మూడు కిలోమీటర్లు పరుగు తక్కువ, నడక ఎక్కువ. నిజానికి అంతకు నెల ముందే 10 కిలోమీటర్లు 55 నిమిషాల్లో పూర్తిచేశాను. నేను పద్దులు రాసే ఉద్యోగిని, తేడా కనిపిస్తే వదలబుద్ధి కాదు.

పీట్ రీగెల్ అనే అమెరికన్ ఇంజనీరు ఇచ్చిన సూత్రం ఒకటుంది. కొత్త దూరాన్ని పాత దూరంతో భాగించి, వచ్చినదాన్ని 1.06 ఘాతానికి పెంచి, పాత టైమ్‌తో గుణించాలి. 10 కిలోమీటర్ల టైమ్ నుంచి 21.0975 కిలోమీటర్ల టైమ్ కావాలంటే, 2.2తో గుణిస్తే దాదాపు సరిపోతుంది. నా 55 నిమిషాలకు 2 గంటల 1 నిమిషం వచ్చింది. మరి ఆ 13 నిమిషాలు ఏమైనట్టు?

వాచీలో చూస్తే తెలిసింది. మొదటి 12 కిలోమీటర్లు 69 నిమిషాలు, మిగిలిన 9 చిల్లర 65 నిమిషాలు. ఊపిరి చివరిదాకా బాగానే ఉంది. 14వ కిలోమీటరు దగ్గర తొడలు మాత్రం కర్రల్లా బిగుసుకుపోయాయి. అంటే స్పీడుకి లోటు లేదు, కాళ్లకి అంతసేపు పరిగెత్తే అలవాటు లేదు. అప్పట్లో నేను పరిగెత్తేది వారానికి 25 కిలోమీటర్లు: మంగళవారం 6, గురువారం 7, ఆదివారం 12.

మీరూ ఈ లెక్క వేసుకోండి. మీ హాఫ్ మారథాన్ టైమ్ సూత్రం చెప్పినదానికి రెండు మూడు నిమిషాల దగ్గర్లో ఉంటే కిలోమీటర్లు ప్రస్తుతానికి చాలు, స్పీడు మీద పనిచేయవచ్చు. ఎనిమిది, పది నిమిషాలు దాటితే, ఆ రోజు ఎండో, ఎత్తుపల్లాలో, మొదట్లో మరీ దూకుడో కారణం కాకపోతే, వారపు దూరం చాలట్లేదని నా అభిప్రాయం.

వారపు దూరం పెరిగితే లోపల జరిగేది ఇదీ. నెమ్మదైన పరుగు వారాల తరబడి సాగితే కండరాల్లో సన్నటి రక్తనాళాలు, శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా పెరుగుతాయి. ఒంట్లోని కొవ్వు ఇంధనంగా ఎక్కువ ఖర్చయి, కండరాల్లో నిల్వ ఉండే చక్కెర, అంటే గ్లైకోజెన్, చివరి కిలోమీటర్లకు మిగులుతుంది. ఒక ఆదివారం 20 కిలోమీటర్లు లాగించినంత మాత్రాన ఇది రాదు.

పెంచడం ఎలా? ముందు గత ఆరు వారాల సగటు తీయండి. బాగా కుదిరిన వారం కాదు, సెలవు పెట్టిన వారం కూడా కలిపి. నేను 25 అనుకున్నది తీరా చూస్తే 21.

తర్వాత దూరం కాదు, రోజులు పెంచండి. నేను శనివారం 4 కిలోమీటర్లు కలిపాను, అది కుదురుకున్నాక బుధవారం 5. ఇదివరకు వారంలో సగం బరువు ఒక్క ఆదివారం మీదే పడేది. ఇప్పుడు నా మంచి వారం ఇలా ఉంటుంది: మంగళవారం 8, బుధవారం 7, గురువారం 9, శనివారం 5, ఆదివారం 16. మొత్తం 45. గురువారం ఒక్కరోజే మధ్యలో 20 నిమిషాలు కష్టమైన టెంపో, అంటే ఆగకుండా ఒకే గట్టి వేగంతో పరుగు. మిగతావన్నీ కిలోమీటరుకి 7 నిమిషాలు, ఆగకుండా కబుర్లు చెప్పగలిగే వేగం. పక్కనుంచి ఎవరైనా దాటిపోతే మనసు గింజుకుంటుంది, గింజుకోనివ్వండి.

ఎంత చొప్పున పెంచాలన్నదే చిక్కు. వారానికి పది శాతం మించకూడదని అందరూ చెబుతారు. నెదర్లాండ్స్‌లో 500 మందికి పైగా కొత్త రన్నర్లతో చేసి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, ఆ లెక్కన మెల్లగా పెంచినవాళ్లకీ, తొందరగా పెంచినవాళ్లకీ గాయాలు దాదాపు ఒకేలా, అయిదుగురిలో ఒకరికి వచ్చాయి. అంటే ఆ పది శాతం వేదవాక్కేమీ కాదు. అలాగని నేను చేసినట్టు చేయకండి. నా నోటుపుస్తకంలో ఒక పేజీలో వరసగా ఎనిమిది వారాలు: 30, 48, 46, 0, 0, 0, 10, 16. రెండో వారం ఒళ్లు గాల్లో తేలినట్టుంది. మూడో వారం మోకాలి కింద ముందెముక పక్కన వేలు పెడితే కేక వచ్చింది. ఆ పేజీ మొత్తం 150. బుద్ధిగా 30 దగ్గరే ఉండుంటే 240 అయ్యేది! గుండె, ఊపిరితిత్తులు త్వరగా అలవాటుపడతాయి, ఎముకలూ స్నాయువులూ నెలలు తీసుకుంటాయి. ఒళ్లు తేలిగ్గా ఉందనిపించే వారమే ప్రమాదం.

ఇప్పుడు నా పద్ధతి: రెండు మూడు కిలోమీటర్లు పెంచి, అదే దూరం రెండు మూడు వారాలు. నాలుగో వారం పావు వంతు తగ్గింపు. పొద్దున మంచం దిగగానే మడమ వెనక పట్టేసి, పది అడుగులు నడిచినా వదలకపోతే ఆ రోజు పరుగు లేదు. నొప్పి ఒకేచోట పొడుస్తుంటే డాక్టర్ని కలవాలి.

21 నుంచి 45కి రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఆ తర్వాత 10 కిలోమీటర్ల టైమ్ 54 నిమిషాలు, పెద్ద తేడా లేదు. హాఫ్ మాత్రం 2 గంటల 40 సెకన్లు. సూత్రం చెప్పిన 1:59కి నిమిషంన్నర దూరం.

మరి 70, 80కి పోతే? లాభం ఉంటుంది, కానీ 20 నుంచి 40కి వచ్చినప్పుడు ఉన్నంత ఉండదు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో 800 మీటర్ల స్వర్ణం గెలిచిన పీటర్ స్నెల్, తన కోచ్ ఆర్థర్ లిడియార్డ్ పద్ధతిలో వారానికి 160 కిలోమీటర్ల దాకా పరిగెత్తేవాడు. రెండు నిమిషాల్లోపు ముగిసే పోటీకి! వినడానికి ఉత్సాహంగానే ఉంటుంది కానీ, 45 కిలోమీటర్లు వేగంగా పరిగెత్తేవాడికి 4 గంటల పని, నెమ్మదిగా పరిగెత్తేవాడికి 6 గంటలు. రెండో రకంవాళ్లు కిలోమీటర్లు మానేసి నిమిషాలు లెక్కపెట్టుకోవడం మేలు.

పోటీకి రెండు వారాల ముందు నుంచి తగ్గించాలి. నేను 45 నుంచి 32కి, ఆఖరి వారం పోటీ కాకుండా 15కి దిగుతాను. వేగం మాత్రం అలాగే, దూరమే తక్కువ. ఆ వారం టెన్షన్‌తో కాళ్లు ఊరుకోవు. ఒకసారి మూడు రోజుల ముందు ధైర్యం కోసమని 14 కిలోమీటర్లు పరిగెత్తాను, పోటీలో మొదటి కిలోమీటరు నుంచే కాళ్లు బరువెక్కాయి. అందుకే ఇప్పుడు ఆఖరి వారం అంకెలు నెల ముందే పెన్నుతో రాసి పెట్టుకుంటున్నాను.