వెనక డ్రమ్ బ్రేకులు, హ్యాండ్‌బ్రేక్ అడ్జస్ట్ చేసుకోవడం ఎలా?

హ్యాండ్‌బ్రేక్ లివర్‌ను పైదాకా లాగినా కారు నిలవడం లేదంటే చాలామంది నేరుగా కేబుల్ నట్టు మీద పడతారు. నాలుగు చుట్లు బిగించగానే లివర్ గట్టిపడుతుంది, పని అయిపోయిందనుకుంటారు. అసలు తేడా ఎక్కువగా డ్రమ్ములోనే, అంటే చక్రంతో పాటు తిరిగే గిన్నెలాంటి లోహపు భాగంలోనే ఉంటుంది. డ్రమ్ముకు లోపలి నుంచి ఒత్తుకుని చక్రాన్ని ఆపే వంపు ముక్కలే షూలు. వాటి మీది రాపిడి పొర, అంటే లైనింగ్, అరిగేకొద్దీ షూకీ డ్రమ్ముకీ మధ్య ఖాళీ పెరుగుతుంది. దాన్ని తగ్గించకుండా కేబుల్ బిగిస్తే, షూకి తగిలించి ఉండే చిన్న లివర్ హ్యాండ్‌బ్రేక్ దించినప్పుడు కూడా కొంచెం లాగినట్టే ఉండిపోతుంది. దాంతో చాలా కార్లలో ఈ ఖాళీని తనంతట తానే సరిచేసే ఆటోమేటిక్ అడ్జస్టర్ పనిచేయడం మానేస్తుంది, షూలు రాసుకుని డ్రమ్ము వేడెక్కే ప్రమాదమూ ఉంది. అందుకే ముందు షూలు, ఆ తర్వాతే కేబుల్. ఈ వరస మార్చకండి.

ఇది అడ్జస్ట్‌మెంట్ సమస్యో కాదో బ్రేక్ పెడల్ చాలావరకు చెప్పేస్తుంది. మొదటిసారి తొక్కితే లోతుకు వెళ్ళి, వెంటనే రెండోసారి తొక్కితే పైనే ఆగిందంటే షూలు దూరమై ఉండొచ్చు. ఎన్నిసార్లు తొక్కినా స్పాంజిలా మెత్తగా ఉంటే బ్రేక్ ఫ్లూయిడ్ వెళ్ళే గొట్టాల్లో గాలి చేరి ఉంటుంది. తొక్కి పట్టుకుంటే మెల్లగా కిందికి దిగిపోతుంటే ఎక్కడో లీకు ఉండాలి, లేదా పెడల్ తొక్కితే ఫ్లూయిడ్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్ పోయి ఉండాలి. అలాంటి కారును అసలు నడపకూడదు. ఇక బటన్‌తో పనిచేసే ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేక్ ఉన్న కార్లకు ఈ పద్ధతి వర్తించదు.

కారును ఎత్తడం

గట్టిగా, సమంగా ఉన్న నేల చూసుకోండి. హ్యాండ్‌బ్రేక్ దించే పని చేయాలి, వెనక చక్రాలు గాల్లో ఉంటాయి. కారును పట్టి ఉంచేది ముందు చక్రాలే కాబట్టి వాటికి ముందూ వెనకా దిమ్మలు పెట్టండి. ముందు చక్రాలకు ఇంజిన్ శక్తి వెళ్ళే కారైతే ఇంజిన్ ఆపి గేర్‌లో ఉంచొచ్చు. వెనక చక్రాలకు వెళ్ళేదైతే న్యూట్రల్‌లో ఉంచాల్సిందే, లేకపోతే చక్రం తిరగదు. చక్రం నట్లు కారు నేల మీద ఉండగానే కాస్త వదులు చేసి, తర్వాత జాకీతో ఎత్తి, కంపెనీ చూపించిన చోట స్టాండ్లు పెట్టండి. జాకీ ఎత్తడానికే తప్ప, దాని మీద నిలబెట్టి పని చేయడానికి కాదు.

విప్పి చూడటం

హ్యాండ్‌బ్రేక్ పూర్తిగా దించి, కేబుల్ నట్టును బాగా వదులు చేయండి. షూల లివర్లు తమ చోటికి వెళ్ళి ఆనాలి. ఈ ఒక్క పని మరిచిపోతే తర్వాతి కొలతలన్నీ తప్పుతాయి.

చక్రం తీసి డ్రమ్మును బయటికి లాగండి. అది మొరాయిస్తే సుత్తితో బాదే ముందు దాని ముఖం మీద చూడండి. చాలా డ్రమ్ములకు మరలున్న రెండు రంధ్రాలు ఉంటాయి. వాటిలో సరిపడే బోల్టులు పెట్టి రెండింటినీ సమంగా బిగిస్తూ పోతే డ్రమ్ము బయటికి వస్తుంది. బేరింగ్ డ్రమ్ములోనే ఉండే రకమైతే మెకానిక్‌కి వదిలేయడమే మేలు.

లోపలి దుమ్మును ఊదకండి, గాలి కొట్టకండి. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. మాస్క్ వేసుకుని, బ్రేక్ క్లీనర్‌తో తడిపి తుడవండి. లైనింగ్ కనీస మందం ఎంతో కారు మాన్యువల్‌లో ఉంటుంది, సాధారణంగా 1 నుంచి 2 మి.మీ. డ్రమ్ము ఎంతవరకు అరగొచ్చో దాని మీదే చెక్కి ఉంటుంది. షూలను బయటికి నెట్టే వీల్ సిలిండర్ రబ్బరు అంచు కాస్త ఎత్తి చూడండి. లోపల ఫ్లూయిడ్ తడి కారుతుంటే ముందు ఆ లీకు సంగతి చూడాలి. ఫ్లూయిడ్‌లో తడిసిన షూలను రెండు వైపులా మార్చాలి. డ్రమ్ము బయట ఉండగా పెడల్ తొక్కితే సిలిండర్ పిస్టన్లు బయటికి తన్నుకొస్తాయి, జాగ్రత్త.

షూలు దగ్గర చేయడం

డ్రమ్మూ చక్రమూ మళ్ళీ ఎక్కించి, డ్రమ్ము వెనకుండే పలకకున్న రబ్బరు మూత తీస్తే లోపల పళ్ళ చక్రం కనిపిస్తుంది. దీన్నే స్టార్ వీల్ అంటారు. చదునైన స్క్రూడ్రైవర్‌తో ఒక్కో పన్నూ తిప్పుతూ, రెండో చేత్తో కారు చక్రం తిప్పి చూస్తూ ఉండండి. కారు చక్రం బిగుసుకుంటుంటే సరైన దిక్కులో తిప్పుతున్నట్టు. ఒక వైపు వచ్చిన దిక్కు రెండో వైపూ అదే అవుతుందని లేదు.

చక్రం చేత్తో తిరగనంత బిగిశాక వెనక్కి వదలాలి. దానికి పళ్ళను పట్టి ఉంచే రేకు లివర్‌ను సన్నటి స్క్రూడ్రైవర్‌తో పక్కకు నెట్టి పట్టుకోవాలి. ఓపిక కావాల్సింది ఇక్కడే. చక్రం సులువుగా తిరుగుతూ, లోపల షూ రాసుకునే సన్నటి చప్పుడు మాత్రం వినిపించే చోట ఆపండి. రెండో వైపు కూడా అంతే. తర్వాత పెడల్‌ను నాలుగైదుసార్లు గట్టిగా తొక్కితే షూలు డ్రమ్ము మధ్యకు సర్దుకుంటాయి. మళ్ళీ చక్రాలు తిప్పి చూస్తే ఒక్కోసారి ఇంకో పన్ను తిప్పాల్సి వస్తుంది.

వెనక పలకకు రంధ్రమే లేకపోతే, డ్రమ్ము కొద్దిగా రాసుకుంటూ ఎక్కేదాకా స్టార్ వీల్‌ను ముందే తిప్పి పెట్టుకోవాలి.

కేబుల్

నట్టు లివర్ దగ్గరి ప్లాస్టిక్ కవర్ కిందో, కారు అడుగున రెండు కేబుళ్ళు కలిసే చోటో ఉంటుంది. లివర్‌ను కొన్నిసార్లు లాగి వదిలాక నట్టు బిగిస్తూ రండి. లివర్ లాగేటప్పుడు వినిపించే టక్కులు ఎన్నింటికి బ్రేక్ పట్టాలో మాన్యువల్ చెబుతుంది, చాలా కార్లకు 5 నుంచి 8. లివర్ దించితే రెండు చక్రాలూ స్వేచ్ఛగా తిరగాలి, చెప్పిన టక్కుల దగ్గర రెండూ ఆగాలి. ఒకటి ఆగి రెండోది తిరుగుతుంటే ఆ వైపు కేబుల్ తొడుగులో తుప్పు పట్టి ఇరుక్కుందేమో చూడండి. అలాంటి కేబుల్‌ను మార్చాలే తప్ప, నట్టు బిగించి లాభం లేదు.

లాక్ నట్టు బిగించి, రబ్బరు మూతలు తప్పకుండా పెట్టేయండి, లేకపోతే నీళ్ళూ మట్టీ లోపలికి పోతాయి. చక్రం నట్లను ఎదురెదురుగా బిగించి, కారు దించాక బిగువు కొలిచే టార్క్ రెంచ్‌తో సరిచూడండి.

కదిలే ముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కాలి. ఖాళీ చోట నెమ్మదిగా నడిపి ఆపి చూడండి, తర్వాత చిన్న వాలు మీద హ్యాండ్‌బ్రేక్ లాగి, పెడల్ మీద కాలు మెల్లగా వదలండి. బ్రేక్ ఎక్కువ వాడకుండా కొన్ని కిలోమీటర్లు తిరిగొచ్చి, వెనక చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూడండి, డ్రమ్మును మాత్రం ముట్టుకోవద్దు. ఒక వైపు వేడి ఎక్కువగా తెలిస్తే ఆ వైపు షూలు బిగుతుగా ఉన్నట్టు. కారును మళ్ళీ స్టాండ్ల మీదికి ఎత్తి, ఆ స్టార్ వీల్‌ను రెండు మూడు పళ్ళు వెనక్కి వదలండి.