మిద్దె మీది నుంచి కొండ: పగలు రాత్రిగా మారే టైమ్‌ల్యాప్స్ తీయడం

తిరుపతిలో ఉత్తరం వైపు అడ్డులేని మిద్దె ఒకటి దొరికితే, పగలు రాత్రిగా మారే టైమ్‌ల్యాప్స్ (వరసగా తీసిన ఫొటోలను కలిపి వేగంగా నడిపే వీడియో) నేర్చుకోవడానికి మరో చోటు వెతకనక్కరలేదు. శేషాచలం కొండలు కదలకుండా నిలిచి ఉంటాయి. వాటి పైన ఆకాశం రంగులు మారుతుంది, చీకటి పడేకొద్దీ ఘాట్‌రోడ్డు మీద బండ్ల దీపాలు, మెట్లదారి పైన గాలిగోపురం దీపాలు ఒక్కొక్కటిగా తేలివస్తాయి. శ్రీవారి ఆలయంలోకి కెమెరాలను అనుమతించరు, తిరుమలపై డ్రోన్లు నిషిద్ధం. కనుక ఊళ్లో నుంచి తీయడమే అన్ని విధాలా మేలు.

సూర్యుడు ఎటు అస్తమిస్తాడో ముందుగా చూసుకోవాలి. జూన్‌లో నేరు పడమరకు సుమారు 24 డిగ్రీలు ఉత్తరంగా, అంటే కొండల వైపుకు జరిగి, డిసెంబరులో దాదాపు అంతే మేర దక్షిణంగా దిగుతాడు. కొత్తగా నేర్చుకునేవారికి నేను డిసెంబరునే సూచిస్తాను. సూర్యుడు ఫ్రేముకు ఎడమ వెలుపలే ఉండి కొండ మీద ఏటవాలుగా వెలుగు పడుతుంది. పైగా ఈశాన్య రుతుపవనాల వాన వెలిసిన సాయంత్రం గాలి కడిగినట్టు ఉంటుంది.

సూర్యాస్తమయానికి గంట ముందు మొదలుపెట్టి గంట తర్వాత ముగించాలి. 10 సెకన్లకు ఒక ఫ్రేము చొప్పున రెండు గంటలకు 720 ఫ్రేములు వస్తాయి. సెకనుకు 25 ఫ్రేముల లెక్కన అది దాదాపు 29 సెకన్ల వీడియో. ఫోకస్‌ను మాన్యువల్‌లో, వైట్ బ్యాలెన్స్‌ను (రంగుల సర్దుబాటు) డేలైట్‌లో స్థిరపరచి, రా ఫైళ్లుగా (కెమెరా కుదించని అసలు ఫైళ్లు) తీయాలి. బ్యాటరీ నిండుగా ఉండాలి. ఇంట్లోవాళ్లు ఆరిన బట్టలు తీసుకోవడానికి మిద్దె ఎక్కే వేళ కూడా అదే కాబట్టి, ట్రైపాడ్‌ను దండేలకు దూరంగా ఒక మూలకు చేర్చి, దాని కొక్కేనికి బరువైన సంచి ఒకటి తగిలించాలి.

అసలు పని ఎక్స్‌పోజరుది, అంటే ఫొటోకు ఎంత వెలుతురు అందించాలన్నది. ఎండ ఉండగా అపర్చర్ (లెన్సు రంధ్రం) ఎఫ్ 4, ఐఎస్‌ఓ (వెలుతురుకు కెమెరా సున్నితత్వం) 100, షట్టరు 1/500 సెకను దగ్గర మొదలైన షాట్, రాత్రికి అదే ఎఫ్ 4 మీద ఐఎస్‌ఓ 800, 4 సెకన్ల దాకా చేరుతుంది. అది 14 స్టాపుల తేడా; ఒక్కో స్టాపు అంటే రెట్టింపు, కనుక ఎక్స్‌పోజరు సుమారు 16 వేల రెట్లు పెరిగిందన్నమాట. అపర్చర్‌ను మాత్రం మధ్యలో ముట్టుకోకూడదు. మొదట షట్టరు వేగాన్ని తగ్గిస్తూ 4 సెకన్లకు తెచ్చి, ఆ తర్వాతే ఐఎస్‌ఓ పెంచాలి. సూర్యుడు దిగాక మన దగ్గర తొలి సంధ్య 22, 23 నిమిషాలకు మించి ఉండదు. అంతలోనే దాదాపు 7 స్టాపుల వెలుతురు పోతుంది. ఉత్తరాది దేశాల్లో సంధ్య ఎక్కువసేపు ఉంటుంది గనుక అక్కడివారు రాసిన పాఠాల లెక్క ఇక్కడ సరిపోదు. ఇక్కడ నిమిషానికి ఒకసారి, రెండు ఫ్రేముల నడుమ దొరికే ఖాళీలో, కెమెరా కదలకుండా వేలికొనతో డయల్‌ను ఒక్క క్లిక్కు, అంటే మూడోవంతు స్టాపు, తిప్పాలి. హిస్టోగ్రామ్‌ను (బొమ్మలో వెలుగునీడల పంపకం చూపే గ్రాఫు) చూస్తూ, చివరికి బొమ్మ మొదటికంటే ఒక స్టాపు చీకటిగా ఉండేలా వదలాలి. రాత్రి రాత్రిలాగే కనిపించాలి.

లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్‌ను (ఎక్కువసేపు తీసిన ఫొటోలో చుక్కలను కెమెరాయే తగ్గించే సదుపాయం) తప్పక ఆపేయాలి. నేనొకసారి దాన్ని మరిచి 6 సెకన్ల ఎక్స్‌పోజరు పెట్టాను. ప్రతి ఫ్రేము తర్వాత కెమెరా మరో 6 సెకన్లు తన పనిలోనే ఉండిపోయి, చీకటి పడ్డాక ఒకటి విడిచి ఒక ఫ్రేము పోయింది. బండ్ల దీపాలు కొండ మీద గెంతుతూ కనిపించాయి, ఆ సాయంత్రం తిరిగి రాలేదు.

డయల్ క్లిక్కు క్లిక్కుకూ వీడియోలో కనిపించే వెలుతురు ఎగుడుదిగుళ్లను, ఫొటోలు దిద్దే లైట్‌రూమ్‌తో కలిసి పనిచేసే ఎల్‌ఆర్‌టైమ్‌ల్యాప్స్ అనే సాఫ్ట్‌వేర్ చదును చేస్తుంది. అక్కడ చివరి పదిహేను నిమిషాల ఫ్రేములను కత్తిరించకండి. ఆకాశం మారడం ఆగిపోయి, దారి మలుపుల్లో దీపాలు మాత్రమే కదిలే ఆ 90 ఫ్రేములు వీడియోలో నాలుగు సెకన్లు కూడా ఉండవు.