సొరంగంలో బలహీనమైన రాయి ఎదురైతే: ముందు జాగ్రత్తలు

సొరంగం చాలాసార్లు కూలే ముందు ఏదో ఒక సూచన ఇస్తుంది. దాన్ని చూసిన మనిషికి పని ఆపే అధికారం ఉందా? బలహీనమైన రాయిలోకి అడుగుపెట్టే ముందే ఇది తేల్చుకోండి. షిఫ్ట్ ఇన్‌చార్జి ఎవరికీ ఫోన్ చేయకుండానే అందర్నీ బయటికి పంపగలగాలి.

అన్నిటికన్నా ముందు నీటిని గమనించండి. ఊట మామూలే కదా అని అలవాటు పడిపోవడం చాలా ప్రమాదం. నిన్న తేటగా కారిన నీరు ఇవాళ బురదగా వస్తోందంటే, పగుళ్లలో ఉన్న మట్టి కొట్టుకొస్తోందన్నమాట. పైన ఎక్కడో ఖాళీ ఏర్పడుతూ ఉండొచ్చు. నీరు ఎంత వస్తోందో, ఏ రంగులో ఉందో ప్రతి షిఫ్టులో రాయండి. ఒక్కసారిగా పెరిగినా, రంగు మారినా మనుషుల్ని వెనక్కి పిలవండి. అదనపు పంపుల సంగతి తర్వాత.

ఎదుట ఏముందో ఊహించొద్దు, ప్రోబ్ హోల్ (ముందున్న రాయిని పరీక్షించడానికి వేసే సన్నని, పొడవాటి రంధ్రం) వేసి చూడండి. స్విట్జర్లాండ్‌లోని లోచ్‌బెర్గ్ సొరంగంలో 1908 జులై 24న బ్లాస్టింగ్ చేయగానే, పైనున్న లోయలోని ఇసుక, కంకర, నీరు లోపలికి దూసుకొచ్చి 25 మంది చనిపోయారు. అక్కడ గట్టి రాయి ఉందనే అనుకున్నారు. చివరికి ఆ దారి వదిలేసి సొరంగాన్ని పక్కకు తిప్పాల్సి వచ్చింది. డ్రిల్ రాడ్ ఉన్నట్టుండి తేలిగ్గా దిగిపోతే, ఆ రోజు టార్గెట్ గురించి ఆలోచించకుండా జియాలజిస్టును పిలవాలి.

నేల కదలికల రీడింగులు తీయడం ఒక్కటే చాలదు. 1994లో లండన్ హీత్రూ దగ్గర సొరంగాలు కూలినప్పుడు, నేల కదులుతున్నట్టు కొలతల్లో ముందే కనిపించింది. దాని మీద సకాలంలో చర్య తీసుకోలేదు. ఏ అంకె దాటితే పని ఆపాలో ముందే రాసి పెట్టుకోండి. దాటాక ఆ అంకెనే పెంచేయడం ఘోరం.

ఇక తప్పించుకునే దారి. 2023 నవంబరులో ఉత్తరాఖండ్‌లోని సిల్క్యారాలో 41 మంది 17 రోజులు చిక్కుకుపోయారు. గాలి, తిండి పైపు గుండానే వెళ్లాయి. 2025 ఫిబ్రవరి 22న తెలంగాణలోని ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగంలో దాదాపు 14 కిలోమీటర్ల లోపల నీరు, బురద విరుచుకుపడి ఎనిమిది మంది చిక్కుకున్నారు. అంత లోతుకు సాయం చేరడమే గగనమైంది. కాబట్టి బలహీనమైన చోట ముందుగానే పెద్ద పైపు వేసి ఉంచండి, లోపల ఫోన్ పనిచేస్తోందో లేదో రోజూ చూడండి.

ఎవరికీ దెబ్బ తగలకపోయినా, చిన్న పెచ్చు ఊడిపడితే పుస్తకంలో నమోదు చేయండి. "ఎవరి తప్పు?" అని మొదలుపెడితే తర్వాతిసారి ఎవరూ చెప్పరు. షిఫ్ట్ మారేటప్పుడు ఆ పుస్తకాన్ని ఇద్దరు ఇన్‌చార్జులూ ఫేస్ (తవ్వకం జరుగుతున్న ముందు గోడ) దగ్గరే నిలబడి చదువుకోవాలి.