ఆర్‌ఎక్స్‌కి 28 కార్బు ఎక్కించాక జెట్టింగ్: బెజవాడ ఎండకి, కృష్ణ ఇసుకకి

పాత యమహా ఆర్‌ఎక్స్ 135ని మట్టిలో తిప్పడానికి సిద్ధం చేసేవాళ్లలో చాలామంది 28 ఎంఎం పీడబ్ల్యూకే రకం (కీహిన్ డిజైన్) కార్బు, అంటే ఇంజిన్‌కి గాలీ పెట్రోలూ కలిపి పంపే కార్బురేటర్, కొంటారు. ఆ వెంటనే అడిగేది ఒకటే ప్రశ్న: "మెయిన్ ఎంత, పైలట్ ఎంత?" ఇవి కార్బులో పెట్రోలు పారే సన్న రంధ్రాలున్న ఇత్తడి ముక్కల (జెట్‌ల) నంబర్లు, బండికి సరిపడేవి ఎంచుకోవడమే జెట్టింగ్. జవాబుగా దొరికే నంబరు వేరే ఊరి చలిలో, వేరే సైలెన్సరు మీద, పాతకాలం పెట్రోలుతో కుదిరినది. దాన్నే వేసుకుని 42 డిగ్రీల ఎండలో ఇసుకలోకి దిగితే పిస్టన్ పట్టేయడానికి ఎంతోసేపు పట్టదు. టూ స్ట్రోక్‌లో పెట్రోలుతో పాటే ఆయిలూ లోపలికి వెళ్తుంది. మిక్చర్ లీన్ అయిందంటే (గాలికి తగ్గ పెట్రోలు లేకపోతే) వేడి పెరుగుతుంది, అదే సమయంలో ఆయిలూ తగ్గుతుంది. అందుకే ఎప్పుడూ రిచ్ (పెట్రోలు ఎక్కువ) వైపు నుంచి మొదలుపెట్టి కిందికి దిగాలి.

ఇంకో మాట ముందే చెప్పాలి. పోర్టింగ్ (సిలిండర్‌లోని దారులు కోసి పెద్దవి చేయడం) చేయని ఆర్‌ఎక్స్ 100కి 28 దండగ. నోరు పెద్దదైతే తక్కువ స్పీడులో గాలి నెమ్మదిగా పారుతుంది, జెట్ నుంచి పెట్రోలు సరిగా లాగలేదు, కింద పికప్ పోతుంది. దానికి 24 చాలు.

జెట్‌ల జోలికి వెళ్లేముందు గాలి లీకులు చూడండి. కార్బుకీ రీడ్ బ్లాక్‌కీ (మిక్చర్‌ని ఇంజిన్‌లోకి ఒకవైపే వదిలే వాల్వు) మధ్య ఉన్న రబ్బరు మానిఫోల్డ్‌ని చేత్తో వంచితే సన్నని పగుళ్లు కనపడతాయి. పగులు ఉంటే అతికించొద్దు, కొత్తది వేయండి. రీడ్ బ్లాక్ గాస్కెట్లు, క్రాంక్ ఆయిల్ సీళ్లు కూడా చూడాలి. మాగ్నెట్ వైపు సీలు పోతే గాలి లాగి లీన్ అవుతుంది. క్లచ్ వైపు సీలు పోతే గేర్ ఆయిల్ లాగి తెల్లగా పొగ కక్కుతుంది, గేర్ ఆయిల్ మట్టం తగ్గుతూ వస్తుంది. లీకు ఉన్న ఇంజిన్‌కి ఏ జెట్ వేసినా ఈరోజు కుదిరింది రేపు కుదరదు.

తర్వాత ఆయిల్ సంగతి. పాత కార్బుకి టూటీ ఆయిల్ పైపు వచ్చి చేరే ముక్కు ఉంటుంది, బయట దొరికే పీడబ్ల్యూకేల్లో చాలావాటికి అది ఉండదు. అలాంటప్పుడు ఆయిల్ పంపు తీసేసి పెట్రోల్లోనే కలపాలి: లీటరుకి 25 ఎంఎల్ అయితే 40:1, 30 ఎంఎల్ అయితే దాదాపు 33:1. ఇసుకలో తిప్పే బండికి 30 మంచిది. ఏదో ఒకటి ఖాయం చేసుకుని మార్చకుండా ఉంచండి. ఆయిల్ పెంచితే అదే జెట్‌లోంచి వెళ్లే పెట్రోలు ఆ మేరకు తగ్గుతుంది, అంటే లీన్ అవుతుంది. ఆయిల్ ఎక్కువ పోస్తే రిచ్ అనుకోవడం చాలామంది చేసే పొరపాటు.

ఆటోనగర్‌లో జెట్ సెట్ కొనేటప్పుడు కార్బు పట్టుకెళ్లి మర బిగించి చూసుకోండి. కీహిన్ నంబరు రంధ్రం వ్యాసాన్ని చెబుతుంది, 120 అంటే 1.20 ఎంఎం. మికుని ఆరు పలకల జెట్ నంబరు పెట్రోలు పారే కొలతను బట్టి ఉంటుంది. ఒకదాని నంబరు చూసి రెండోది వేయకూడదు. పేరు అచ్చేసిన నకిలీ కార్బుల్లో లోపలి జెట్ మీద నంబరుకీ రంధ్రానికీ పొంతన ఉండదు, కాబట్టి దానితో వచ్చిన జెట్‌లను నమ్మకుండా ఒకే కంపెనీ సెట్ పెట్టుకోండి: మెయిన్ 108 నుంచి 130 దాకా, పైలట్ 38 నుంచి 48 దాకా. మూసుకుపోయిన జెట్‌ని తీగతో పొడవొద్దు. ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదైపోతుంది. కార్బ్ క్లీనర్ కొట్టి గాలి ఊదితే చాలు.

బిగించేటప్పుడు స్లైడ్‌కి (యాక్సిలేటర్ తిప్పితే కార్బులో పైకి లేచే ముక్క) కోసిన పక్క ఫిల్టర్ వైపు ఉండాలి. కేబుల్లో 2, 3 ఎంఎం వదులు ఉంచండి. ఇంజిన్ ఆన్ చేసి హ్యాండిల్ అటూ ఇటూ పూర్తిగా తిప్పండి, రేజింగ్ పెరిగితే కేబుల్ దారి తప్పినట్టే. ఇంజిన్ ఆపి, ఫిల్టర్ వైపు నోట్లోంచి చూస్తూ యాక్సిలేటర్ పూర్తిగా తిప్పండి. స్లైడ్ అంచు కాస్త కూడా కనపడకూడదు.

ఫ్లోట్ (గిన్నెలో పెట్రోలు మట్టాన్ని నిలిపే తేలే ముక్క) ఇలా చూస్తారు: గిన్నె తీసి, కార్బుని మెల్లగా వంచుతూ పోండి. ఫ్లోట్ నాలుక నీడిల్ వాల్వ్ మీదున్న స్ప్రింగ్ పిన్నుని తాకీ తాకనట్టు ఉన్నచోట ఆగండి, పిన్ను లోపలికి నొక్కుకోకూడదు. ఆ స్థితిలో ఫ్లోట్ అంచు కార్బు గిన్నె కూర్చునే అంచుకి సమాంతరంగా ఉండాలి. మట్టం తక్కువైతే ఎత్తుపల్లాల్లో ఇంజిన్ ఆకలితో ఆగుతుంది, ఎక్కువైతే గెంతినప్పుడల్లా ఓవర్‌ఫ్లో పైపులోంచి పెట్రోలు కారుతుంది.

ఆర్‌ఎక్స్ 135కి మొదలుపెట్టడానికి మెయిన్ 125, పైలట్ 45, నీడిల్ (స్లైడ్‌కి వేలాడే సూది) క్లిప్ పైనుంచి 4వ గాడి, ఎయిర్ స్క్రూ (పైలట్‌కి వెళ్లే గాలిని సరిచేసే మర) పూర్తిగా బిగించిన చోటి నుంచి ఒకటిన్నర చుట్టు బయటికి. ఇది కావాలనే రిచ్‌గా పెట్టినది, ఇలాగే వదిలేయడానికి కాదు.

ఇప్పుడు యాక్సిలేటర్ గ్రిప్ మీద తెల్ల టేపు అంటించి, పక్కనున్న హౌసింగ్ మీద పెన్నుతో ఐదు గీతలు గీయండి: మూసినది, పావు, సగం, ముప్పావు, పూర్తి. ఈ పని చేయకుండా జెట్టింగ్ చేయడం చీకట్లో వెతుక్కోవడమే. ఏ జెట్ పనిచేస్తోందో తేల్చేది ఆర్‌పీఎం కాదు, యాక్సిలేటర్ ఎంత తెరిచారన్నది. మూసిన దగ్గర్నుంచి పావులో సగం దాకా పైలట్, ఎయిర్ స్క్రూ. అక్కడి నుంచి పావు దాకా స్లైడ్ కోత. పావు నుంచి ముప్పావు దాకా నీడిల్. ఆపైన మెయిన్. బండి ఇబ్బంది పెట్టినప్పుడు వంగి గీత చూడండి, ఏది మార్చాలో అదే చెబుతుంది. ఒక్కసారి ఒక్కటే మార్చండి.

ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక పైలట్‌తో మొదలు. ఐడ్లింగ్ కాస్త పెంచి, ఎయిర్ స్క్రూ నెమ్మదిగా తిప్పుతూ ఇంజిన్ అన్నిటికన్నా వేగంగా, నిలకడగా తిరిగే చోట ఆపండి. ఈ కార్బులో స్క్రూ లోపలికి తిప్పితే రిచ్, బయటికి తిప్పితే లీన్. ఆ మంచి చోటు ఒక చుట్టు లోపలే వస్తే పైలట్ చిన్నది, 48 వేయండి. రెండున్నర చుట్లు దాటాక వస్తే పైలట్ పెద్దది, 42కి దిగండి. యాక్సిలేటర్ వదిలాక రేజింగ్ వెంటనే దిగకుండా పైనే వేలాడితే లీన్, లేదా ఇందాక చెప్పిన గాలి లీకు. ఒక్కసారిగా తిప్పితే గుక్క పట్టినట్టు ఆగుతోందా? స్క్రూ అర చుట్టు లోపలికి తిప్పండి. తగ్గితే అది లీన్, ఇంకా ఎక్కువైతే రిచ్.

మెయిన్‌కి ఖాళీ పొలం దారో, అనుమతి ఉన్న మైదానమో కావాలి. రిజిస్ట్రేషన్ వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కి విరుద్ధం, ఇలాంటి పరీక్ష రోడ్డు మీద చేయడం ప్రమాదం కూడా. 3వ గేరులో పూర్తిగా తెరిచి లాగండి. పైన "బర్ర్‌ర్" అని తడిగా కొట్టుకుంటూ ఎక్కనంటే రిచ్. 125 నుంచి 122, 120 ఇలా ఒక్కో మెట్టు దిగుతూ, ఆ కొట్టుకోవడం పోయి శుభ్రంగా ఎక్కిన మొదటి జెట్ దగ్గర ఆగండి. దానికన్నా ఒక మెట్టు పైది మీ జెట్. పూర్తిగా తెరిచి ఉండగా యాక్సిలేటర్ కాస్త వెనక్కి వదిలితే బండి ఇంకా బాగా లాగిందంటే లీన్ అయిపోయారు, వెంటనే ఆపి పెద్దది వేయండి.

దాన్ని ప్లగ్‌తో రూఢి చేసుకోవాలి. అదే హీట్ రేంజ్ (ప్లగ్ వేడిని ఎంత త్వరగా వదులుతుందో చెప్పే నంబరు) కొత్త ప్లగ్ వేసి, పూర్తిగా తెరిచి లాగి, యాక్సిలేటర్ మూయకుండానే ఇంజిన్ కిల్ చేసి అదే క్షణంలో క్లచ్ నొక్కండి. ఐడ్లింగ్‌లో తిరుగుతూ వస్తే ఆ రంగు పనికిరాదు. ప్లగ్ విప్పి, టార్చ్ వేసి, తెల్ల పింగాణీ లోపల అడుగున ఇనుముని కలిసే చోట చూడండి. అక్కడ లేత గోధుమ రంగు వలయం ఉంటే సరే. నల్లగా తడిగా ఉంటే రిచ్. పింగాణీ మీద మిరియప్పొడి చల్లినట్టు మెరిసే చుక్కలుంటే అది పిస్టన్ అల్యూమినియమే, ఇక బండి నడపొద్దు. ఇథనాల్ మసి తక్కువ కాబట్టి ఇప్పటి పెట్రోలుతో రంగు కొంచెం పాలిపోయే ఉంటుంది. రంగుతో పాటు లాగిన తీరునూ నమ్మండి.

నీడిల్ చివర్న. పావు నుంచి ముప్పావు మధ్య పొడిగా, బలం లేకుండా ఉండి, ఇంజిన్‌లో సన్నగా గలగల వినిపిస్తే క్లిప్ ఒక గాడి కిందికి దించండి, నీడిల్ లేచి రిచ్ అవుతుంది. బరువుగా, పొగతో ఉంటే పైకి.

ఎండ లెక్క కూడా చూద్దాం. జనవరి తెల్లవారి 20 డిగ్రీలు, మే మధ్యాహ్నం 45 డిగ్రీలు అనుకుంటే గాలి సాంద్రత దాదాపు 8 శాతం తగ్గుతుంది. రంధ్రం వైశాల్యం అంత తగ్గాలంటే వ్యాసం 4 శాతం, అంటే 120 ఉన్నచోట 115. మరోపక్క బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ పెట్రోలుకి, మామూలు పెట్రోలుతో పోలిస్తే 7, 8 శాతం ఎక్కువ ఇంధనం పోవాలి. రెండూ దాదాపు చెల్లుకు చెల్లు. అందువల్ల పాత జెట్ చార్టులు చూసి "ఎండాకాలం కదా" అని చిన్న మెయిన్ వేస్తే ఇథనాల్ వల్ల లీన్ అవుతుంది, చలికాలం దాన్నే ఉంచితే ఇంకా లీన్. తెల్లవారి చలిలో సెట్ చేసినది మధ్యాహ్నం కాస్త రిచ్ అవుతుంది, ఇంజిన్‌కి ప్రమాదం లేదు. మధ్యాహ్నం సెట్ చేసి తెల్లవారి ఇసుకలోకి దిగడమే ప్రమాదం.

కృష్ణ ఇసుక వేరే లోకం. చక్రం కూరుకుపోతుంటే ఇంజిన్ మీద బరువు ఆగకుండా పడుతుంది, స్పీడు లేక ఇంజిన్‌ని చల్లబరిచే రెక్కలకి (ఫిన్లకి) గాలి తగలదు. గట్టి నేల మీద కుదిరిన మెయిన్ కన్నా ఒక మెట్టు పైది వేసుకోండి. గుంటూరు వైపు నల్లరేగడి దుమ్ము ఫిల్టర్‌ని గంటల్లోనే నింపేస్తుంది. ఫోమ్‌కి ఫిల్టర్ ఆయిల్ పట్టించి పిండి వేయండి, మురికి పట్టిన ఫిల్టర్ మీద జెట్టింగ్ చేయొద్దు. ఫోమ్ తీసేసి నడిపితే లీన్ అవడమే కాదు, బోరు గీకేస్తుంది.

బండి పది రోజులు పక్కన పెట్టేటట్టయితే ట్యాప్ మూసి గిన్నె కింది బోల్టు విప్పి పెట్రోలు వదిలేయండి. ఇథనాల్ తేమ లాగి నీళ్లతో సహా అడుగున చేరుతుంది. మళ్లీ స్టార్ట్ చేసినప్పుడు ఎంత ఎయిర్ స్క్రూ తిప్పినా కుదరని పైలట్‌కి చాలాసార్లు కారణం ఆ అడుగున చేరిన చెమ్మే.