టెట్‌కి ఆవ్ జాయ్ కుట్టించుకుంటున్నారా? కొలతల దగ్గర ఈ జాగ్రత్తలు తీసుకోండి

టెట్ దగ్గరపడిందంటే వియత్నాంలో దర్జీలకు ఊపిరి సలపదు. అక్కడి చాంద్రమాన కొత్త సంవత్సరం అది. 2026లో ఫిబ్రవరి 17, 2027లో ఫిబ్రవరి 6. ఆవ్ జాయ్ అంటే ప్యాంటు మీద వేసుకునే, పక్కలకి చీలిక ఉన్న అక్కడి పొడవాటి సంప్రదాయ దుస్తు. పండగ దగ్గరికొచ్చేసరికి చేతినిండా పని ఉన్న మంచి దర్జీలు కొత్త బట్ట పట్టడం మానేస్తారు. పెళ్లిళ్లు కూడా అప్పుడే ఉంటే చెప్పక్కర్లేదు. ఆ రద్దీలో మీ కొలత ఒకటి తప్పిందంటే సరిచేసే తీరిక ఎవరికీ ఉండదు, కొలిచి కుట్టిన బట్టను ఎవరూ వాపసు తీసుకోరు. సైగాన్ (హో చి మిన్ సిటీ), హనోయ్‌లలో ఉద్యోగం చేసుకుంటున్న మనవాళ్లు, అక్కడి అమ్మాయిని పెళ్లి చేసుకోబోతున్న అబ్బాయిలు, దర్జీలకు పేరున్న హోయ్ ఆన్ ఊరి టూరులో ఒకటి కుట్టించుకుందామని ఇంటి నుంచే కొలతలు పంపేవాళ్లు, వీళ్లందరూ టేపు పట్టుకునే ముందు ఇది చదవాలని నా కోరిక.

ముందు ఏ రకం కుట్టించుకుంటున్నారో తేల్చుకోండి, ఎందుకంటే కొలిచే తీరే మారిపోతుంది. మగవాళ్ల ఆవ్ జాయ్‌లో ఇప్పుడు ఎక్కువగా కనిపించేవి రెండు. ఒకటి ఈ కాలపుది, ఒంటికి కాస్త దగ్గరగా ఉంటుంది, చేతులు విడిగా కత్తిరించి అతుకుతారు. రెండోది ఐదు ముక్కల పాత పద్ధతిది, న్గూ థన్ అంటారు. 1744లో దక్షిణ వియత్నాం ప్రాంతాన్ని ఏలుతున్న న్గుయెన్ ఫుక్ ఖ్వాత్ తన ప్రజల వేషధారణ మార్చమని ఆజ్ఞ ఇచ్చాడు. ఈ దుస్తు చరిత్రను అక్కడి నుంచే మొదలుపెడతారు. తర్వాత 1830లలో మిన్ మాంగ్ చక్రవర్తి ఉత్తరాది వాళ్లకు కూడా దాన్నే తప్పనిసరి చేశాడు. ముందు రెండు ముక్కలు, వెనక రెండు, కుడివైపు లోపల కనపడకుండా ఉండే చిన్న ముక్క ఐదోది. పాత మగ్గాల మీద బట్ట పన్నా తక్కువ కాబట్టి వీపు నడిమధ్యన, ఛాతీ నడిమధ్యన నిలువుగా కుట్టు పడుతుంది. మెడ దగ్గర మొదలై కుడి చంక కిందికి, అక్కడి నుంచి పక్కకి దిగే గుండీలు ఐదు.

కొలతకి అసలు సంగతి ఇక్కడుంది. న్గూ థన్‌కి భుజం మీద కుట్టు ఉండదు. ఒంటి మీది ముక్కే భుజం దాటి చేతిలోకి సాగుతుంది, దాని చివర మరో ముక్క అతుకుతారు. అందుకే మన చొక్కా కొలతల్లాగా 'షోల్డర్ ఇంత, చెయ్యి ఇంత' అని రాసి పంపితే ఆ దర్జీకి పెద్దగా ఉపయోగం లేదు. దర్జీకి కావలసింది మెడ వెనక ఎముక నుంచి మణికట్టు దాకా ఒకే కొలత. తల కాస్త వంచితే మెడ మొదట్లో ఒక ఎముక పైకి పొడుచుకొస్తుంది, అదే మొదలు. చేతిని పక్కకి చాపి, మోచెయ్యి ఒక్క రవ్వ వదులుగా ఉంచి, టేపుని భుజం మీదుగా మణికట్టు ఎముక దాకా తీసుకెళ్లాలి. రెండు చేతులూ కొలవండి. ఒకదానికి ఒకటి కొద్దిగా తేడా ఉండటం మామూలే, రెండు అంకెలూ రాయండి. మీరు కుట్టించుకునేది వెడల్పు చేతుల ఉత్సవ దుస్తు, అంటే ఆవ్ తక్ అయితే చేతి పొడవు ఎక్కడిదాకా రావాలన్నది దర్జీనే అడగండి, మీరుగా తేల్చేయకండి.

సన్నటి చేతుల రకంలో ఇంకో చిక్కు ఉంది. చెయ్యి మణికట్టు వైపు సన్నబడుతూ వస్తుంది, చొక్కాకున్నట్టు కఫ్ విప్పుకోవడానికి గుండీ ఉండదు. మణికట్టు చుట్టుకొలత ఒక్కటే ఇస్తే అరచెయ్యి అందులో దూరదు. బొటనవేలు లోపలికి మడిచి, అరచేతి వెడల్పైన చోట చుట్టూ కొలిచి అది కూడా ఇవ్వండి. కడియం, గుడి దారాలు, వాచీ తీయకుండా వేసుకునేవాళ్లయితే ఆ మాట ముందే చెప్పాలి.

మెడ గురించి కాస్త ఎక్కువ పట్టించుకోమంటాను. ఆవ్ జాయ్‌కి ప్రాణం ఆ నిలువు కాలరే. బిగుతైతే పెళ్లిలో రెండు గంటలు కూర్చోలేరు, వదులైతే మొత్తం దుస్తు ఇంకొకరిది తొడుక్కున్నట్టుంటుంది. మామూలు చొక్కాకి గొంతుముడి దగ్గర కొలుస్తారు, దీనికి మాత్రం మెడ మొదట్లో, భుజాలు కలిసేచోట టేపు చుట్టాలి. టేపుకి, మెడకి మధ్య ఒక వేలు సులువుగా తిరగాలి. న్గూ థన్ కింద తెల్లటి లోపలి చొక్కా వేసుకుని, దాని కాలరు అంచు సన్నగా పైకి కనిపించేలా ఉంచుతారు కాబట్టి దాన్ని వేసుకునే కొలవడం మేలు. లేకపోతే మామూలు బనియన్ మీద కొలిచి, 'లోపల మరో కాలరు ఉంటుంది' అని రాయండి.

సైగాన్‌లో ఒక సందులో కుట్టుపని చేసే పెద్దామె దగ్గర ఒకసారి చూశాను. ఎదురుగా నిలబడిన కుర్రాడి పొట్ట చుట్టూ టేపు వేసి, ఏమీ అనకుండా అలాగే పట్టుకుని ఆగింది. అతను ఊపిరి బిగపట్టాడని ఆమెకి తెలుసు. కాసేపటికి అతను ఊపిరి వదలక తప్పలేదు. టేపు ఆమె వేళ్ల మధ్య నుంచి నెమ్మదిగా జారింది. అప్పుడు అంకె రాసుకుని, 'ఇప్పుడు నిజం చెప్పావు తమ్ముడూ' అంది. ఇంట్లో మీకు మీరే కొలుచుకుంటే ఆ ఓపిక మీకుండదు, అద్దం ముందు పొట్ట తెలియకుండానే లోపలికి వెళ్లిపోతుంది. అందుకే రెండో మనిషిని పిలవండి. తిన్నాక కొలవండి, ఎందుకంటే ఈ బట్ట వేసుకునేది విందులకి, పండగలకి. జేబులో ఫోను, పర్సు తీసేయండి. టేపు వెనకవైపు కిందికి జారకుండా నేలకు సమంగా ఉందో లేదో ఆ రెండో మనిషి చూడాలి.

పొట్ట ఛాతీ కంటే ఎక్కువున్నా, దగ్గరదగ్గరగా ఉన్నా సిగ్గుపడకుండా చెప్పండి. పొట్ట ఎత్తుకి ముందు భాగం పైకి లేచిపోయి అంచు వంకరగా కనిపిస్తుంది. దానికి మందు ఏమిటంటే పొడవు రెండుసార్లు ఇవ్వడం. వెనక, మెడ ఎముక నుంచి మోకాలి కిందికి. ముందు, గొంతు గుంట నుంచి పొట్ట మీదుగా అదే ఎత్తుకి. మగవాళ్లకి అంచు మోకాలు దాటితే బాగుంటుంది, ఎంత దాటాలన్నది మీ ఇష్టం.

పక్క చీలిక ఎక్కడ మొదలవుతుందో అడిగి తెలుసుకోండి. ప్యాంటు నడుముపట్టీ కంటే పైకి వెళితే నడిచినప్పుడు ఒళ్లు కనిపిస్తుంది. ప్యాంటు మీరు ఎక్కడ కట్టుకుంటారో, బొడ్డు దగ్గరా, కిందా, అక్కడి నుంచే నడుము, పొడవు ఇవ్వండి. వేసుకోబోయే చెప్పులతోనే పొడవు కొలవండి. తలపాగా కూడా తీసుకుంటుంటే నుదురు మీదుగా, చెవులకి కాస్త పైన తల చుట్టూ కొలత. అంతే.

ఇప్పుడు అంకెల గోల. మన దగ్గర టైలర్లు అంగుళాల్లో మాట్లాడతారు, వియత్నాం అంతా సెంటీమీటర్లే. ఛాతీ 40 అంగుళాలు అంటే 101.6 సెంటీమీటర్లు. టేపుకి ఒకవైపు అంగుళాలు, ఇంకోవైపు సెంటీమీటర్లు ఉంటాయి, మధ్యలో టేపు తిరగబడితే ఒక అంకె ఇటుది, ఒకటి అటుది పడిపోతుంది. మొదటి నుంచి చివరిదాకా సెంటీమీటర్లలోనే రాయండి. ఇంకోటి, కొన్ని దుకాణాల సైజు పట్టికల్లో ఛాతీ 52 అని కనిపిస్తే కంగారుపడకండి. బట్టని బల్ల మీద పరిచి ఒకవైపే కొలిచిన అంకె అది, చుట్టుకొలత 104. మీ 100ని ఆ 52 పక్కన పెట్టుకుని పోల్చొద్దు.

మన అలవాటు ప్రకారం ఆది చొక్కా ఇచ్చేస్తే పోదా అనుకుంటారు. వద్దు. చొక్కా బట్ట సాగుతుంది, ఉతికి ఉతికి మెత్తబడుతుంది, దాని భుజం కుట్టు ఎక్కడో ఉంటుంది. ఆవ్ జాయ్‌కి వాడే 'గమ్' అనే జరీపూల బట్ట అసలు సాగదు. ఒంటి కొలతలే ఇవ్వండి, ఒకటికి రెండుసార్లు కొలవండి, రెండింటికీ సెంటీమీటరు కంటే ఎక్కువ తేడా వస్తే మూడోసారి కొలవండి. మీరుగా లూజు కలపకండి. 'ఇవి ఒంటి కొలతలు, వదులు మీరే కలపండి' అని స్పష్టంగా రాయండి. ఇద్దరూ కలిపితే సంచిలా తయారవుతుంది, ఇద్దరూ కలపకపోతే చంకలో చిరుగుతుంది. కొలతలతో పాటు ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి నిటారుగా నిలబడిన ఫోటోలు పంపితే భుజం వాలు, వీపు వంపు దర్జీకి తెలుస్తాయి.

ఎక్కడ వేసుకుంటారన్నది కూడా కొలతలో భాగమే. టెట్ రోజుల్లో హనోయ్‌లో చలి ఉంటుంది, లోపల స్వెటర్ కావాలనిపిస్తుంది. సైగాన్‌లో అదే రోజు ఉక్కపోత. ఉత్తరాన వేసుకునేది అయితే ఆ లోపలి బట్ట మీదే ఛాతీ, చెయ్యి కొలవండి. హనోయ్ పక్కన వాన్ ఫుక్ లాంటి పట్టు ఊళ్లో బట్ట మీరే కొంటే, అది ఉతికితే ముడుచుకుంటుందా అని అమ్మేవాళ్లనీ, కత్తెర పడకముందు దర్జీనీ అడగండి.

హోయ్ ఆన్‌లో ఒకట్రెండు రోజుల్లో కుట్టి ఇచ్చే దుకాణాలకు పేరుంది. అక్కడ కుట్టించుకుంటే దిగిన రోజే కొలతలు ఇచ్చేయండి, వెళ్లేరోజు ఉదయానికి పెట్టుకోవద్దు. ట్రయల్‌కి కనీసం రెండుసార్లు వెళ్లే వీలుంచుకోండి. ట్రయల్‌లో అద్దం ముందు బొమ్మలా నిలబడితే ఏమీ తెలియదు. మోకాళ్ల మీద కూర్చోండి, నమస్కారంలో చేతులు నుదుటి దాకా ఎత్తండి, ఎందుకంటే పూర్వీకుల పీఠం ముందు అదే చేస్తారు. కుర్చీలో కూర్చుని ముందుకి వంగండి. మెడ పక్కకి తిప్పినప్పుడు కాలరు గుచ్చుకుంటే అప్పుడే చెప్పండి. న్గూ థన్‌లో చెయ్యి దించినప్పుడు చంక కింద మడతలు పడతాయి. అది చూసి బాగోలేదని బట్ట తీయించకండి, చెయ్యి పైకెత్తడానికి ఆ మడతల్లో ఉన్న బట్టే కావాలి.