పెట్రోల్ బంకులో ఫోన్: అసలు దేనికి భయపడాలి?

పెట్రోల్ బంకులో ఫోన్ మాట్లాడితే మంటలు లేస్తాయా అని నలుగురు కూర్చున్న చోట అడిగి చూడండి, వెంటనే రెండు జట్లు తయారవుతాయి. ఫోన్ మోగితే చాలు బంకంతా పేలిపోతుందని కొందరు, నేను రోజూ మాట్లాడుతూనే పోయించుకుంటున్నాను ఇప్పటిదాకా ఏమైంది అని ఇంకొందరు. నాకు ఈ రెండు మాటలతోనూ భయమే. మొదటి మాట నమ్మినవాళ్లు ఫోన్ జేబులో పెట్టేసి ఇక ప్రమాదం లేదనుకుని మిగతా జాగ్రత్తలు వదిలేస్తారు. రెండో మాట నమ్మినవాళ్లు ఏ జాగ్రత్తా పట్టించుకోరు. గాలి పొడిబారే రోజులు మొదలవుతున్నప్పుడు, దూర ప్రయాణానికి బండి తీస్తున్నప్పుడు ఈ సంగతి ఒకసారి సరిగ్గా తెలుసుకుని వెళ్లండి.

ముందు పెట్రోల్ గురించి. మండేది ద్రవం కాదు, దాని మీద నుంచి లేచే ఆవిరి. సున్నాకి 40 డిగ్రీలు కిందికి పోయిన చలిలో కూడా పెట్రోల్ అంటుకునేంత ఆవిరిని వదులుతుంది, అంటే మనం బండి తిప్పే ఏ వాతావరణంలోనైనా మూత తీసిన క్షణం నుంచి ఆవిరి బయటికి వస్తూనే ఉంటుంది. కొత్త పెట్రోల్ పడేకొద్దీ ట్యాంకులో అప్పటిదాకా ఉన్న ఆవిరి బయటికి తోసుకొస్తుంది. అది గాలికన్నా మూడు నాలుగు రెట్లు బరువు, అందుకే పైకి ఎగిరిపోకుండా బండి పక్కకి జారి నేల మీద పరుచుకుంటుంది. గాలిలో ఈ ఆవిరి సుమారు 1.4 శాతం నుంచి 7.6 శాతం వరకు ఉంటేనే మండుతుంది, అంతకన్నా తక్కువైనా ఎక్కువైనా అంటుకోదు. ట్యాంకు లోపల మామూలుగా ఎక్కువే ఉంటుంది, బండికి దూరంగా తక్కువే ఉంటుంది. ట్యాంకు మూతి దగ్గర, నాజిల్ చుట్టూ ఉన్న కాస్త జాగాలో మాత్రం సరిగ్గా మండే పాళ్లలో కలుస్తుంది. మన జాగ్రత్తంతా ఆ జాగా గురించే.

ఇక ఫోన్. రేడియో తరంగాలు పెట్రోల్‌ని వెలిగిస్తాయన్నది చాలామంది భయం. పాత ఫోన్లలో కూడా ఆ తరంగాల బలం గరిష్ఠంగా 2 వాట్లు, ఇప్పటి ఫోన్లలో చాలావరకు అంతకన్నా బాగా తక్కువ. దానికి ఆవిరి అంటుకోదు. లోపలి బ్యాటరీ కూడా 4 వోల్టుల చుట్టుపక్కలే, మంచి కండిషన్‌లో ఉన్న ఫోన్‌లో బయటికి నిప్పురవ్వ వచ్చే దారి దాదాపు లేదు. మరి ఈ భయం ఎక్కడిది? ఫోన్లు కొత్తగా వచ్చిన రోజుల్లో ఎందుకైనా మంచిదని తయారీ కంపెనీలే మాన్యువల్స్‌లో బంకుల దగ్గర ఆఫ్ చేయమని రాశాయి, 1999 ప్రాంతంలో ఫలానా దేశంలో ఫోన్ వల్ల బంకు తగలబడిందంటూ ఈమెయిళ్లు ప్రపంచమంతా తిరిగాయి, ఆ మాటే చేతులు మారుతూ ఇప్పటికీ తిరుగుతోంది. 2004లో అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని న్యూ పాల్ట్జ్ అనే ఊళ్లో ఒక యువకుడు పెట్రోల్ పోసుకుంటుండగా మంట లేచింది. చేతిలో ఫోన్ ఉందని మొదట ఫోన్‌నే కారణమన్నారు, వార్త అలాగే పాకిపోయింది. తర్వాత అగ్నిమాపక అధికారే ఆ మాట వెనక్కి తీసుకుని, కారణం స్టాటిక్ కరెంటు, అంటే రాపిడి వల్ల ఒంట్లో చేరే విద్యుత్తు అయి ఉంటుందని చెప్పాడు. మొదటి వార్త తెలిసినంతమందికి రెండోది తెలియలేదు.

నిజంగా భయపడాల్సింది ఆ స్టాటిక్‌కే. అమెరికాలోని పెట్రోలియం ఎక్విప్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ 1990ల నుంచి ఇలాంటి మంటల వివరాలు సేకరించింది. 150కి పైగా ఘటనలు పోగైతే వాటిలో ఎక్కువ భాగం స్టాటిక్ వైపే చూపించాయి, ఫోన్ వల్లే అని నిర్ధారణ అయిన ఘటన ఒక్కటీ లేదు. ఆ ఘటనల్లో మళ్లీ మళ్లీ కనిపించే కథ ఒకటుంది. మనమే పోసుకునే బంకుల్లో నాజిల్‌ని ట్యాంకులో పెట్టి, లివర్ నొక్కే ఉండేలా క్లిప్ తగిలించి, నిండేలోపు కారులో కూర్చుందామని వెళ్తారు. సీటు మీద నుంచి మళ్లీ లేచేటప్పుడు బట్టలు సీటుకి రాసుకుని ఒంట్లో స్టాటిక్ చేరుతుంది. దిగి నేరుగా వచ్చి నాజిల్ పట్టుకుంటారు, వేలికీ లోహానికీ మధ్య చిటుక్కుమని రవ్వ. అది పడే చోటే ఆవిరి ఉంది.

ఆ రవ్వ ఎంత అని తక్కువగా చూడకండి. పెట్రోల్ ఆవిరి అంటుకోవడానికి పావు మిల్లీజౌల్ (శక్తిని కొలిచే జౌల్‌లో వెయ్యో వంతు మిల్లీజౌల్) చుట్టుపక్కల శక్తి చాలు. గాలి పొడిగా ఉన్న రోజున సింథటిక్ బట్టలతో సీటు మీద నుంచి లేచిన మనిషి ఒంట్లో 10,000 వోల్టుల దాకా చేరగలదు, లెక్క వేస్తే ఆ రవ్వలో ఆవిరికి కావలసినదానికి 20 రెట్ల శక్తి ఉంటుంది. మామూలుగా 3,000 వోల్టులు దాటితే గానీ చేతికి చురుక్కుమన్నట్టు తెలియనే తెలియదు, అంటే మనకు తెలిసేసరికే అది మంట పెట్టగలిగే రవ్వ. గాలిలో తేమ ఉంటే స్టాటిక్ తనంతట తానే జారిపోతుంది, అందుకే తలుపు గొళ్లెం ముట్టుకుంటే షాక్ కొట్టే చలికాలపు పొడి రోజుల్లోనే ఎక్కువ జాగ్రత్త కావాలి.

అంత ప్రమాదాన్ని తప్పించే పని మాత్రం చాలా చిన్నది. బండి దిగగానే, నాజిల్ ముట్టుకోకముందే, ట్యాంకు మూతికి దూరంగా కారు తలుపో ఇంకో లోహపు భాగమో ఒట్టి చేత్తో ముట్టుకోండి, ఒంట్లో ఉన్నది అక్కడే పోతుంది. పోయడం మొదలయ్యాక మళ్లీ లోపలికెళ్లి కూర్చోకండి. వెళ్లాల్సి వస్తే తిరిగి రాగానే మొదట ఆ లోహాన్నే ముట్టుకోండి. అక్కడ నిలబడి స్వెటర్ గానీ జాకెట్ గానీ విప్పకండి, ఒంటి మీద పెట్రోల్ చిందినా సరే అక్కడ విప్పొద్దు, పంపుకి బాగా దూరంగా వెళ్లి నీళ్లతో తడిపి విప్పండి.

మరి ఫోన్‌ని వదిలేద్దామా అంటే, వద్దు. బంకులో ఫోన్ వాడొద్దన్న బోర్డు ఉంటే పాటించాల్సిందే, నేను పాటిస్తాను. ఫోన్‌ని అంత గాఢంగా ఆవిరి ఉండే చోట వాడటానికి తయారు చేయలేదు, అలాంటి చోట్లకి ప్రత్యేకంగా పరీక్షించిన ఫోన్లు వేరే ఉంటాయి. అంతకన్నా పెద్ద కారణం, ఫోన్ మన కళ్లనీ చేతుల్నీ లాగేసుకుంటుంది. పోసేదాకా మెసేజ్ చూసుకుందామనే కదా చాలామంది కారులోకి వెళ్లి కూర్చునేది, పైన చెప్పిన కథ మొదలయ్యేది అక్కడే. భుజానికీ చెవికీ మధ్య ఫోన్ ఇరికించుకుని పోస్తుంటే ట్యాంకు నిండింది చూసుకోరు, నాజిల్ ట్యాంకులో ఉండగానే బండి కదిలించేస్తారు. ద్విచక్ర వాహనమైతే ఇంకా ఘోరం, ట్యాంకు కిందే వేడి ఇంజిన్, పక్కనే కాలే సైలెన్సర్, పొంగిన పెట్రోల్ సరిగ్గా వాటి మీద పడుతుంది. అందుకే బైక్ మీద కూర్చుని పోయించుకోకండి, ఇంజిన్ ఆపి అందరూ దిగండి, పిల్లల్ని కూడా దింపి పక్కన నిలబెట్టండి. చీకట్లో ఎంత పడిందో చూద్దామని ఫోన్ టార్చ్ వేసి ట్యాంకులోకి వంగి చూసేవాళ్లని చూస్తే నాకు గుండె ఆగినంత పనవుతుంది. చెయ్యి జారితే ఫోన్ ఎక్కడ పడుతుందో ఒక్కసారి ఆలోచించండి.

బ్యాటరీ ఉబ్బిన ఫోన్, కింద పడి వెనకభాగం పగిలిన ఫోన్, చార్జింగ్‌లో కాలిపోయేంత వేడెక్కే పవర్ బ్యాంక్, ఇవి మాత్రం నిజంగానే ప్రమాదం. లిథియం బ్యాటరీ లోపల దెబ్బతింటే దానంతట అదే అంటుకోగలదు, బంకు వరకూ అక్కర్లేదు, ఇంట్లోనైనా జేబులోనైనా అంతే. అలాంటిది బండిలో ఉంచుకోకండి. చార్జర్ పిన్ పెట్టడం, పీకడం కూడా బంకులోకి రాకముందే అయిపోవాలి, పిన్ దగ్గర చిన్న రవ్వ వచ్చే అవకాశం ఉంటుంది. ఫోన్‌తో డబ్బు కట్టాలంటే పోయడం అయి, నాజిల్ తీసి, మూత బిగించాక కట్టండి, వీలుంటే పంపుకి నాలుగడుగులు అవతల.

క్యాన్‌లో పట్టుకెళ్లే పని ఉన్నవాళ్లు ఈ ముక్క తప్పకుండా చదవండి. ప్లాస్టిక్ క్యాన్‌ని డిక్కీలోనో, కారు లోపలి కార్పెట్ మీదో పెట్టి నింపకండి. అక్కడ స్టాటిక్ నేలలోకి పోయే దారి ఉండదు, క్యాన్‌లోనే పోగవుతుంది. కిందికి దించి నేల మీద పెట్టి, నాజిల్‌ని క్యాన్ మూతికి ఆనించి నిదానంగా పోయాలి. అంచు దాకా నింపొద్దు, వేడికి పెట్రోల్ వ్యాకోచించడానికి పైన కొంత ఖాళీ ఉండాలి. నీళ్ల సీసాల్లో మాత్రం ఎప్పుడూ పట్టొద్దు.

డీజిల్ బండి ఉన్నవాళ్లు కాస్త నిశ్చింతగా ఉండొచ్చు, మామూలు ఉష్ణోగ్రతలో డీజిల్ నుంచి అంటుకునేంత ఆవిరి రాదు, అందుకు అది ఇంకా బాగా వేడెక్కాలి. కానీ మీ పక్క పంపులో పోసేది పెట్రోలే, కాబట్టి సిగరెట్ నుంచి ఇంజిన్ ఆపడం దాకా నియమాలన్నీ మీకూ వర్తిస్తాయి.

ఇంత జాగ్రత్తగా ఉన్నా నాజిల్ దగ్గర మంట లేచిందనుకోండి, కంగారులో అందరూ చేసే పని నాజిల్‌ని బయటికి లాగేయడం. అది చేయకండి. లాగితే మండే పెట్రోల్ నేల మీదా, మీ మీదా చిమ్ముతుంది, ట్యాంకు మూతి దగ్గర ఉన్న చిన్న మంట బండినంతా చుట్టేస్తుంది. నాజిల్ అలాగే వదిలి వెనక్కి జరగండి, బండిలో ఎవరైనా ఉంటే వెంటనే దింపండి, పంపులన్నీ ఆపే ఎమర్జెన్సీ బటన్ నొక్కమని బంకువాళ్లకి గట్టిగా అరిచి చెప్పండి. నీళ్లు పోయకండి, పెట్రోల్ నీటి మీద తేలి మంట ఇంకా పాకుతుంది, వాడాల్సింది ఇసుకో, పౌడర్ లేదా నురగ చిమ్మే మంటలార్పే సిలిండరో. వాటిని కూడా వాడటం వచ్చినవాళ్లే అందుకోవాలి. మీరు మనుషుల్ని తీసుకుని బంకు దాటి దూరంగా వెళ్లండి, ఫైర్ ఇంజిన్‌కి చెప్పడానికి ఫోన్ అక్కడికెళ్లాక తీయండి.